దించిన స్తంభాలు, దాచిన మోకులు: శాంతికాలంలో బ్రిటిష్ నౌకాదళం

నౌకాదళ చరిత్ర అనగానే మీకు సముద్ర యుద్ధాలు, సేనానులు గుర్తుకు రావచ్చు. కాని 18వ శతాబ్దంలో అనేక బ్రిటిష్ యుద్ధనౌకలు శాంతికాలమంతా తెరచాపలు లేకుండా రేవుల్లో లంగరు వేసి ఉండేవి. ఆ సమయంలో ఒడ్డున జరిగిన పనిని పరిశీలిస్తే ఆ నౌకాదళ బలానికి గల ఆధారం మీకు తెలుస్తుంది.

'ఆర్డినరీ' విధానం

యుద్ధం ముగియగానే ప్రభుత్వం ఖర్చు తగ్గించడానికి నావికులను పంపివేసి, నౌకలను 'ఆర్డినరీ' అనే నిల్వ స్థితిలో ఉంచేది. ఫిరంగులు, తెరచాపలు, మోకులు ఒడ్డుకు చేరేవి. ఉదాహరణకు, చాతమ్‌లో నిర్మించిన విక్టరీ నౌక 1765 మే 7న జలప్రవేశం చేసింది. సప్తవర్ష సంగ్రామం 1763లోనే ముగిసినందువల్ల దానితో వెంటనే అవసరం లేకపోయింది. 1769లో సముద్రంపై పరీక్షించి, తిరిగి మెడ్‌వే నదిలోనే నిలిపారు. అది యుద్ధసేవలో ప్రవేశించింది 1778లో.

స్తంభాల పరీక్ష

పెద్ద నౌకలో ప్రతి స్తంభం ఒకదానిపై ఒకటి నిలిపిన భాగాలతో ఉండేది. పై భాగాలను నావికులే దించగలిగేవారు. అతి బరువైన కింది భాగాన్ని పైకి లాగడానికి 'షీర్ హల్క్' కావాలి. ఇది పొడవైన దూలాలను పైకొనల వద్ద కలిపి కట్టి, బరువులెత్తడానికి అమర్చిన పాత నౌక. స్తంభం అడుగు భాగం నౌక గర్భంలోని తేమలో ఉంటుంది కాబట్టి అక్కడ కుళ్లు పట్టేది. అతుకుల వద్ద, ఇనుప పట్టీల కింద కూడా అంతే. స్తంభం నిలిచి ఉండగా ఈ లోపాలు సులభంగా కనిపించవు. కొత్త స్తంభాలకు ఉంచిన దుంగలు ఎండి పగలకుండా వాటిని నీటి మడుగుల్లో ముంచి ఉంచేవారు.

మోకుల సంరక్షణ

మోకులు రెండు రకాలు: స్తంభాన్ని పట్టి నిలిపేవి, తెరచాపలను కదిపేవి. మొదటి రకానికి తారు పట్టించి, పేటల మధ్య సందుల్లో సన్నని తాడు నింపి, తారు గుడ్డ చుట్టి, దానిపై పురి బిగించేవారు. లోపలికి నీరు చేరితే పైకి బాగా కనిపించే మోకు కూడా లోలోపల కుళ్లుతుంది. అందుకే చుట్టు విప్పి చూడవలసి వచ్చేది. రెండో రకం తాళ్లు కప్పీలలో ఒరుసుకుని అరిగిపోయేవి. తడి తాడును గిడ్డంగిలో పెడితే పాడవుతుంది కాబట్టి ముందు ఆరబెట్టేవారు. పనికిరాని తాళ్లను పీచుగా విడదీసి, ఓడ పలకల సందుల్లో కూరేవారు.

ఫలితం, చర్చ

అతి పెద్ద స్తంభాలకు కావలసిన తెల్ల పైన్ దుంగలు అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ నుంచి వచ్చేవి. 1775లో అక్కడ యుద్ధం మొదలై ఆ సరఫరా ఆగిపోయింది. 1778లో ఫ్రాన్స్ కూడా యుద్ధంలోకి దిగింది. ఈ స్తంభాల కొరత బ్రిటన్‌ను దెబ్బతీసిందని ఆల్బియన్ అనే చరిత్రకారుడు 1926లో వాదించాడు. న్యూ ఇంగ్లండ్ కలపకు అంత ప్రాధాన్యం ఇవ్వడాన్ని రోజర్ నైట్ తరువాత ప్రశ్నించాడు. ఎవరి వాదనను అంగీకరించినా ఒక విషయం గమనించండి: యుద్ధం వచ్చాక కొత్త స్తంభం దొరకడం కష్టమైనప్పుడు, శాంతికాలంలో కాపాడుకున్న పాత స్తంభమే నౌకను సముద్రంలోకి పంపగలదు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: శాంతికాలంలో నిర్వహణ ఖర్చు తగ్గించడం యుద్ధకాలంలో నౌకాదళాన్ని ఎలా ప్రభావితం చేస్తుంది? పది వాక్యాల్లో రాయండి.