నలుగురూ కలిసి కొన్న నీళ్ళబండి

బహదూర్‌పురా కూడలి దాటి కిషన్‌బాగ్ వైపు మళ్ళినవారికి మొదట స్ఫురించేది ఆ పేరులోని సొగసు. కిషన్ అంటే కృష్ణుడు, బాగ్ అంటే తోట. తోటలు పోయి ఇళ్ళు వచ్చినవి. ఇళ్ళ నడుమ గల్లీలు మిగిలినవి. ఒక వంక మూసీ నది, మరొక వంక నెహ్రూ జంతుప్రదర్శనశాల, దాని సమీపముననే ఇరువదియొక్క కమానుల ఆనకట్టతో మీరాలం చెరువు. నీటికి ఇంత చేరువలో ఉన్న పేట నగరంలో తక్కువే. అయినను, ఒక ఇంట నిప్పు అంటుకొన్ననాడు ఆ నదీ, ఆ చెరువూ నడచి రావు. నీటిని మోసుకొని రావలసినది ఎర్రని బండి. గంట మ్రోగించుకొంటూ ఆ బండి వచ్చినప్పుడు మనమందరమూ తొలగి దారి ఇస్తాము. దానిని ఎవరు కొన్నారు, ఏ కొలతలు చూచి కొన్నారు అన్న ప్రశ్న మాత్రం మనలో చాలమందికి తోచదు. ఆ ప్రశ్నకు ఒక చరిత్ర కలదు. దానిని ఈనాడు శ్రోతల ముందు ఉంచదలచినాము.

మన నగర చరిత్రలో ఆపద అనగానే జ్ఞప్తికి వచ్చేది 1908 సెప్టెంబరు 28. ఆనాడు మూసీ పొంగి వేలాది ప్రాణాలను బలిగొన్నది. నదిపై వంతెనలు కొట్టుకొనిపోయినవి. పురానాపూల్ మాత్రం నిలిచినది. అఫ్జల్‌గంజ్‌లో నూటయేబదిమంది దాకా ఒక చింతచెట్టు ఎక్కి బ్రతికినారని నేటికీ చెప్పుకొంటారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. ఆనాటి ప్రజలకు ఆ చెట్టే రక్షణ వాహనమైనది. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు నిర్మింపబడినవి. ఆపదను రాకుండ ఆపుట ఒక విద్య. వచ్చిన ఆపద ఎదుట నిలుచుట మరొక విద్య. రెండవ విద్యకు మనుషులు కావలె, పనిముట్లు కావలె. ఆ పనిముట్లు ఒకదానితో ఒకటి అతుకవలె.

అతుకకపోతే ఏమగునో అమెరికాలోని బాల్టిమోర్ నగరం 1904 ఫిబ్రవరిలో కన్నులార చూచినది. మంటలు నగర మధ్యమును చుట్టుముట్టగా, వాషింగ్టన్, ఫిలడెల్ఫియా, న్యూయార్కు మొదలైన పురాల నుండి దళాలు పరుగున వచ్చినవి. బండ్లు ఉన్నవి, మనుషులు ఉన్నారు, వీధిలో నీరూ ఉన్నది. కాని పొరుగూరి గొట్టపు మరచుట్లు బాల్టిమోర్ కుళాయిలకు పట్టలేదు. ఒక్కొక్క ఊరు తనకు తోచిన కొలతతో, తనకు నచ్చిన వర్తకుని వద్ద కొనుక్కొన్న ఫలితమిది. సుమారు ముప్పది గంటలలో పదిహేనువందలకు పైగా కట్టడాలు దగ్ధమైనవి. ఆ మరుసటి సంవత్సరమే జాతీయ ప్రమాణమొకటి నిర్ణయించినారు. అయితే కొలతను కాగితంపై వ్రాయుట సులభం, ఊళ్ళచేత పాటింపజేయుట కష్టం. ఒక శతాబ్దం గడచిన తరువాత కూడ అక్కడి పెద్ద నగరాలలో కొన్ని పాత కొలతనే పట్టుకొని ఉన్నవి.

ఇంగ్లండుకు ఆ పాఠం యుద్ధం నేర్పినది. అక్కడ పదునారువందలకు మించి స్థానిక దళాలు ఉండేవి. లండను గొట్టాల అతుకు ఒక విధం, తక్కిన చాల ఊళ్ళ అతుకు మరొక విధం. బాంబుల వర్షంలో ఒక ఊరి దళం మరొక ఊరికి పోవలసివచ్చినప్పుడు నడుమ జోడింపు ముక్కలు పెట్టుకొని పని గడుపుకొన్నారు. 1941 ఆగస్టులో అన్ని దళాలను కలిపి ఒకే జాతీయ అగ్నిమాపక దళముగా చేసినారు. పంపులను ప్రభుత్వమే పెద్ద మొత్తంలో కొని పంచినది. యుద్ధానంతరం 1950ల దశకంలో సహాయక దళము కొరకు ఒకే నమూనాలో వేయించిన ఆకుపచ్చని బండ్లు దశాబ్దాల పాటు భద్రపరచబడి, దళాలవారు సమ్మె చేసినప్పుడు మరల వీధులకెక్కినవి. కలిసి కొన్న వస్తువు ఎంతకాలము అక్కరకు వచ్చునో ఇది చాటుతున్నది.

మన దేశానికి మేలుకొలుపు బొంబాయి రేవులో జరిగినది. 1944 ఏప్రిల్ 14న ప్రత్తి, ప్రేలుడు పదార్థాలు కలిపి నింపుకొన్న ‘ఫోర్ట్ స్టికీన్’ నౌక బ్రద్దలై, మంటలార్పబోయిన దళ సిబ్బందిలో పలువురు నేలకొరిగినారు. వారి స్మృత్యర్థమే ఏటేట ఏప్రిల్ 14ను అగ్నిమాపక సేవా దినముగా పాటిస్తున్నాము. స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట కేంద్ర హోంశాఖ క్రింద స్థాయీ అగ్నిమాపక సలహా సంఘం ఏర్పడినది. 1956లో జాతీయ అగ్నిమాపక కళాశాల వెలసినది. ఆ తరువాత అది నాగపూరునకు తరలినది. 1947లో పుట్టిన భారతీయ ప్రమాణాల సంస్థ నీళ్ళబండికి, రక్షణ బండికి, పంపుకు, గొట్టానికి, అతుకుకు వేర్వేరు ప్రమాణాలు వెలువరించినది. అరువదిమూడు మిల్లీమీటర్ల అతుకు ఒకటి ఆ ప్రమాణాలలో ఉన్నది. అది మర త్రిప్పనక్కరలేక, నొక్కగానే పట్టుకొనే అతుకు. ఆ చిన్న లోహపు ముక్కలో బాల్టిమోర్ పాఠమంతా ఇమిడి ఉన్నది.

ప్రమాణం తరువాత కొనుగోలు. ప్రభుత్వ సామగ్రిని చాలవరకు లండను ద్వారా తెప్పించుకొనే ఆచారం మారి, 1922లో ఇక్కడనే భారత సామగ్రి కొనుగోలు శాఖ నెలకొన్నది. దాని వారసత్వమే స్వతంత్ర భారతంలో సరఫరాలు, వితరణల డైరెక్టరేట్ జనరలు. ఆ కార్యాలయం నడిపిన పద్ధతికి రేటు కాంట్రాక్టు అని పేరు. దాని మర్మమిది: కేంద్రము వస్తువును కొని గిడ్డంగిలో పెట్టదు, తయారీదారులతో బేరమాడి ధర, నాణ్యము, గడువు నిర్ణయించి ఒడంబడిక వ్రాసుకొంటుంది. తరువాత ఏ శాఖకు ఎన్ని కావలెనో ఆ శాఖ ఆ ధరకే ఆర్డరు పంపుకొంటుంది. పెండ్లింటివారు నలుగురు కలిసి ఒకే కొట్టులో బియ్యం బేరమాడినట్లు, ఒక్కరికి దొరకని ధర నలుగురికి దొరకును. మన గ్రామాలకు ఈ తెలివి క్రొత్తది కాదు. ఆ కార్యాలయం 2017 అక్టోబరు 31తో మూతపడినది. అంతకు ముందు సంవత్సరం ప్రారంభమైన ప్రభుత్వ ఎలక్ట్రానిక్ విపణి ఆ స్థానమును పొందినది.

మన తెలుగునేల విషయము కొంత విలక్షణం. 1953లో ఆంధ్రరాష్ట్రం మద్రాసు నుండి విడివడినది. 1956 నవంబరు 1న హైదరాబాదుతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయినది. 2014 జూన్ 2న తెలంగాణ వేరైనది. కలిసిన ప్రతిసారి, విడిపోయిన ప్రతిసారి దస్తావేజులతో పాటు బండ్లు, పంపులు, గొట్టాలు కూడ లెక్కలోనికి వచ్చును. బొంబాయి నగరంలో వలె ఇక్కడ అగ్నిమాపక దళం పురపాలక సంఘానిది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. కనుక కరీంనగరానికి, ఖమ్మానికి, కిషన్‌బాగ్‌కు కొనుగోలుదారు ఒక్కరే. ఇందలి లాభం కనబడనిదైనను గొప్పది. ఒక జిల్లా నుండి మరొక జిల్లాకు బదిలీ అయిన డ్రైవరుకు పంపు మీట ఉన్నచోటనే ఉంటుంది. ఒక బండికి విరిగిన భాగం మరొక బండి నుండి తెచ్చుకొనవచ్చును. అర్ధరాత్రి పొరుగు కేంద్రం వచ్చినా గొట్టానికి గొట్టం కలుస్తుంది.

అయితే ఒకే అచ్చులో పోసిన ఇటుక ప్రతి గోడకూ పట్టునా? ఇక్కడనే పాతబస్తీ తన మాట చెప్పుకొనవలసి ఉన్నది. లారీ చట్రంపై కట్టిన నీళ్ళబండి వెడల్పు రాజమార్గాన్ని తలచుకొని నిర్ణయించినది. పాతబస్తీ గల్లీ రిక్షాను, టాంగాను తలచుకొని పెరిగినది. పైగా, ఒకేసారి కొన్న బండ్లు ఒకేసారి ముసలివగును. ఆనాటికి మరల పెద్ద మొత్తం సమకూరకపోతే అన్ని కేంద్రాలూ ఒక్కమారే కుంటుపడును. అతి తక్కువ ధర అనే నియమము ఒక్కొక్కప్పుడు అతి తక్కువ పనితనమును కూడ ఇంటికి తెచ్చును. ఇవి ఉమ్మడి కొనుగోలును మానుకొనుటకు కారణాలు కావు. దానిని బుద్ధితో చేయుటకు కారణాలు.

2025 మే 18 ఉదయం చార్మినారు చెంత గుల్జార్‌హౌజ్‌లో ఒక ఇంట మంటలు లేచి, ఎనమండుగురు పసివారితో కలిపి పదిహేడుమంది ప్రాణాలు కోల్పోయినారు. బండ్లు రాకపోలేదు. ఎత్తైన అంతస్తులకు చేరే వాహనం, మంటలలోనికి పోగల మర యంత్రం కూడ వచ్చినవి. కాని ఆ ఇంటి లోనికి దారి సొరంగమువలె ఇరుకైనది. పైకి పోవు మెట్లు ఒక్క మనిషి పట్టునంత మాత్రమే. కోట్ల రూపాయల వాహనం వాకిట నిలిచి ఉండగా, ప్రాణానికి అడ్డుపడినది దారి. ఈ దుఃఖం కిషన్‌బాగ్‌కు పరాయిది కాదు. అక్కడి గల్లీలు కూడ ఆ గల్లీల తోబుట్టువులే.

పరిష్కారం వెదకకపోలేదు. మన దళం మోటారు సైకిళ్ళపై నీటితుంపర చిమ్మే పరికరాలు అమర్చుకొన్నది. అవి పెద్దబండి చేరేలోగా చిన్నమంటను అణచును. 2023 జూలైలో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల విస్తరణకు, ఆధునీకరణకు 5000 కోట్ల రూపాయల పథకం ప్రకటించినది. అందులో చాలవరకు రాష్ట్రాలు తమ వాటాగా నాలుగవ వంతు భరించవలె. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు పదవ వంతే. ధనం ఉమ్మడిది, ఏమి కొనవలెనో చెప్పవలసినది మాత్రం ఎవరి నేల ఎరిగినవారు వారు.

మాకు తోచిన న్యాయమిది. అతుకు, పంపు, శిక్షణ, విడిభాగాలు దేశమంతటికీ ఒకటిగా ఉండవలె. వీటిలో ఒక ఊరు తన ముచ్చట తీర్చుకొంటే పొరుగూరి సహాయం ద్వారం వద్దనే ఆగిపోవును. బండి వెడల్పు, పొడవు, అది తిరుగవలసిన మలుపు మాత్రం గల్లీని కొలిచి నిర్ణయింపవలె. ఒడంబడికలో ఒక్క పెద్దబండి మాత్రమే కాక, చిన్నబండ్లు, మూసీ పొంగిన నాటికి పడవలు కూడ చేరవలె. కొనుగోలు పత్రం వ్రాసే అధికారి బల్లపై ధరల పట్టికతో పాటు పేటల కొలతలు ఉన్ననాడే ఆ కొనుగోలు ఉమ్మడి అనిపించుకొనును. లేనిచో అది కేవలం మూకుమ్మడి.

ఇక మన వంతు. గల్లీ మలుపున నిలిపిన బండి, వీధిలోనికి పెంచిన మెట్టు, ఒక్క ద్వారానికి వేసిన తాళం, ఇవి ఏ టెండరులోను కనబడవు. 101కి ఫోను చేయుట అందరికీ తెలుసు. ఆ ఫోను అందుకొని వచ్చే బండికి మన గుమ్మం దాకా దారి ఉన్నదా అని ఒక్కసారి బయటికి వచ్చి చూచుకొనుట ఇంటి యజమాని పని. 1908లో చింతచెట్టు తన కొమ్మలు చాచి నిలిచినది. దాని దగ్గరకు చేరగలిగినవారు బ్రతికినారు. రక్షణ ఎంత గొప్పదైనను, దానికీ మనకూ నడుమ దారి ఉండవలె గదా!