చంద్రయాత్ర నవలయు, దానితో తగవులాడిన చదువరులును

గ్రంథాలయములలో నవలలు ఉండవలెనా అను తగవు పాతది. అందును, జరుగని వింతలను జరిగినట్లు చెప్పు వైజ్ఞానిక నవలలనిన కొందఱు పెద్దలకు బొత్తిగా గిట్టదు. “పురాణములు, చరిత్రలు, వ్యవసాయ గ్రంథములు చాలును, ఈ కట్టుకథలకు సొమ్మేల?” అని వారందురు. “చదువుటకు ఇంపుగా నున్నవి, అంతకన్న నేమి కావలెను?” అని యువకులు బదులు చెప్పుదురు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలోనే కాదు, గ్రంథాలయమున్న ప్రతి చోటను ఈ రెండు మాటలును వినబడును. రజతోత్సవ సమయమున ఈ తగవునకు ఒక్క నవల చరిత్రనుండి సమాధానము వెదకుట ఉచితము.

1865లో ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ ‘భూమినుండి చంద్రునికి’ అను అర్థమిచ్చు పేరుతో ఒక నవలను ప్రకటించెను. అమెరికా అంతర్యుద్ధము ముగిసి పనిలేక కూర్చున్న ఫిరంగి నిపుణులు కొందఱు చంద్రునిపైకి గుండు పేల్చ నిశ్చయించుట అందలి కథ. వారు ఫ్లోరిడాలో 900 అడుగుల ఫిరంగిని భూమిలో పోతపోసి, అల్యూమినియపు గుండులో ముగ్గురు మనుష్యులను కూర్చుండబెట్టి, సెకనుకు దాదాపు 11 కిలోమీటర్ల వేగముతో పంపుదురు. 1870 నాటి రెండవ భాగమున ఆ మువ్వురును చంద్రుని చుట్టివచ్చి పసిఫిక్ మహాసముద్రమున పడుదురు.

ఈ నవలను కోరి చదివినవారు లోకమంతటను ఉన్నారు. అయినను ఇచ్చట మనకు ముఖ్యులు, చదివి మెచ్చుకొని, అటుపై లెక్క వేసి, తప్పు పట్టినవారు.

ఆ లెక్క మనమును వేసి చూడవచ్చును. 900 అడుగుల గొట్టమును దాటులోపల గుండునకు అంత వేగము రావలెననిన, ఆ పని సెకనులో 20వ వంతు కాలమున జరిగిపోవలెను. అప్పుడు లోపలి మనుష్యుని బరువు 20,000 రెట్లకు మించి పెరిగినట్లగును. 60 కిలోల మనిషిపై 1,200 టన్నులకు పైబడిన భారము! కుప్పము అడవులలోని ఏనుగులవంటివి మూడువందలు ఒక్కసారి మీద నిలిచినట్లే. గుండు అడుగున నీటిమెత్త నేర్పరచి రచయిత ఆ కుదుపును తప్పింప జూచెను గాని, అంతటి భారమునకు ఆ మెత్త ఏపాటిది?

రష్యాలో త్సియోల్కోవ్‌స్కీ అను ఉపాధ్యాయుడు ఇట్టి చదువరి. ఆయన 1857లో జన్మించి, బాల్యముననే జబ్బుచేసి వినికిడి కోల్పోయెను. బడిచదువు సాగకపోగా మాస్కో చేరి, మూడేండ్లు అచ్చటి గ్రంథాలయమున స్వయముగా చదువుకొనెను. ఫ్యోదరోవ్ అను గ్రంథపాలకుడు ఆ పేద బాలునికి అండగా నిలిచెను. ఆకాశయానముపై తనకు తొలి ఆసక్తి కలిగించినది వెర్న్ రచనయే యని త్సియోల్కోవ్‌స్కీ చెప్పుకొనెను. అయినను ఫిరంగి పనికిరాదనియు, రాకెట్టు ఒక్కటే మార్గమనియు 1903లో ప్రకటించిన వ్యాసమున నిరూపించెను. ట్రాన్సిల్వేనియాకు చెందిన హెర్మన్ ఓబెర్త్ 11 ఏండ్ల ప్రాయమున తల్లి యిచ్చిన ఈ నవలను కంఠస్థమగునంతగా చదివెను. ఆయనయు లెక్కలు వేసి రాకెట్టునే ఆశ్రయించెను. ఆయన సిద్ధాంతగ్రంథమును 1922లో విశ్వవిద్యాలయము త్రోసిపుచ్చగా, 1923లో దానిని పుస్తకముగా అచ్చు వేయించెను.

రాకెట్టు తత్త్వము దీపావళి తారాజువ్వ ఎఱిగిన వారికెల్ల తెలిసినదే. లోని మందు కాలి, వాయువు వెనుకకు దూసికొనిపోవుచుండగా జువ్వ ముందుకు సాగును. దానికి ఊతగా బయటి గాలి అక్కఱలేదు. కావుననే శూన్యమునందును పోగలదు. వేగము ఒక్క పెట్టున గాక క్రమముగా పెరుగును గనుక లోపలి మనిషి బ్రతుకును.

ఈ సాధనము మన సీమకు క్రొత్తది కాదు. మదనపల్లెకు చేరువనున్న గుఱ్ఱంకొండ కోట 18వ శతాబ్దమున కొంతకాలము మైసూరు పాలకులైన హైదరాలీ, టిప్పు సుల్తానుల అధీనమున నుండెను. 1782లో హైదరు మరణించినది చిత్తూరు చెంత దండులోనే. ఇనుప గొట్టములలో మందు కూరిన రాకెట్లు వారి సేనల ప్రసిద్ధాయుధము. 1780లో కంచి చెంత పొల్లిలూరు యుద్ధమున ఆంగ్లేయులు వాని దెబ్బ చవిచూచిరి. 1799లో శ్రీరంగపట్టణము పడిన పిమ్మట కొన్ని రాకెట్లు ఇంగ్లండు చేరగా, విలియం కాంగ్రీవు వాని ననుసరించి తన రాకెట్లను నిర్మించెను.

వెర్న్ సైతము రాకెట్టును ఎఱుగనివాడు కాడు. చంద్రునిపై దిగునప్పుడు వేగము తగ్గించుటకై గుండులో రాకెట్లను ఉంచెను. కాని పెద్దపని ఫిరంగికి, చిన్నపని రాకెట్టునకు అప్పగించెను. చదువరులు ఆ వరుసను తలక్రిందులు చేసిరి. నవలకు వారిచ్చిన తీర్పు అదియే.

ఆ తీర్పు ఫలించినది. 1969 జూలైలో అపోలో 11 ఫ్లోరిడానుండియే బయలుదేరి, చంద్రునిపై మనిషిని దింపి, పసిఫిక్ సముద్రముననే పడినది. తిరుగుప్రయాణమున ఆర్మ్‌స్ట్రాంగ్ వెర్న్ నవలను ప్రసంగములో స్మరించెను. 2023 జూలై 14న మన శ్రీహరికోటనుండి లేచిన రాకెట్టు దాదాపు 16 నిమిషములలో చంద్రయాన్-3ను భూకక్ష్యకు చేర్చినది. ఆగస్టు 23న అది చంద్రునిపై దిగినది. సెకనులో 20వ వంతు ఎక్కడ, 16 నిమిషములెక్కడ! నవలకును నిజమునకును గల దూరమును ఆ ఓపిక కొలిచి చూపుచున్నది.

కావున పెద్దల మాటయు, యువకుల మాటయు చెరిసగమే సత్యము. నవలలో తప్పున్నది నిజము. ఆ తప్పే చదువరిని ఆలోచింపజేసినదియు నిజము. తప్పులేని పుస్తకములనే కొనవలెనని నియమము పెట్టుకొన్నచో, ఆ చెవిటి బాలునికి దొరకిన వరము మన పిల్లలకు దొరకదు.

చందాదారులకు ఒక విన్నపము. అభిప్రాయముల పుస్తకమున ‘బాగున్నది’ అని మాత్రమే వ్రాసి ఊరకుండకుడు. ఎచ్చట నమ్మలేదో, ఎందుకు నమ్మలేదో కూడ రెండు పంక్తులు వ్రాయుడు. ఆ పంక్తులు చదివి లెక్కకు కూర్చుండు పిల్లవాడు రేపు మన ఊరినుండియే రావచ్చును.