మార్లవాయి పంతుళ్ళు

సాయంకాలము చేనినుండి వచ్చి అరుగుమీద కూర్చున్నప్పుడు మీ కుమారుని మాటలు ఒకసారి చెవియొగ్గి వినుడి. వాడు ఎవరి పేరు ఎక్కువగా ఎత్తుచున్నాడు? గల్ఫుకు పోయి వచ్చి మిద్దె కట్టిన పొరుగువాని పేరా? సినిమా నటుని పేరా? మీరు ఇంట ఎన్ని బుద్ధులు చెప్పినను, వాని కండ్లు ఆ పేరుగలవానిమీదనే యుండును. ఇందుకు వానిని తిట్టి లాభము లేదు. వాని కండ్లయెదుట మనము ఎవరిని నిలిపితిమన్నదే ప్రశ్న. దీనిని గూర్చి మన ఆదిలాబాదు అడవులలో జరిగిన సంగతి యొకటి చెప్పుదును. ఇది మిషను దొరల కథ కాదు గనుక మన సంఘములలో దీనిని అంతగా చెప్పుకొనలేదు.

1940లో జోడేఘాటునొద్ద గోండు నాయకుడు కుమ్రం భీము నిజాము పోలీసుల తుపాకులకు బలియయ్యెను. ఆ కలహము ఊరక పుట్టలేదు. తాతలనాటినుండి గోండులు దున్నుకొనుచున్న నేలను జంగ్లాతువారు రిజర్వు అడవియని గీత గీచి, గూడెములను ఖాళీ చేయించుచుండిరి. మిగిలిన నేల మైదానమునుండి వచ్చిన షావుకార్ల చేతిలోనికి జారుచుండెను. గోండులు సోమరులా? కారు. అడవి నరికి, రాళ్ళు ఏరి, ఎడ్లు కట్టి జొన్న పండించినవారు వారే. కాని చదువు వచ్చిన గోండును వెదకి పట్టుకొనవలసిన దినములవి. కాగితములో ఏమున్నదో తెలియక వేలిముద్ర వేసిన రైతు, తన చేనిలోనే జీతగాడయ్యెడివాడు. అట్టి తండ్రిని చూచిన కొడుకు ఏమి నేర్చుకొనును? ఎంత కష్టపడినను ఫలము పరులదే యని నేర్చుకొనును. కష్టపడి పనిచేయు బుద్ధిని చంపుటకు ఇంతకంటె విషము వేరొకటి లేదని నా తలంపు.

ఆ కాలమున క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను పండితుడు ఈ అడవులకు వచ్చెను. ఆయన 1909లో వియన్నా పట్టణమున పుట్టినవాడు. 1939లో యుద్ధము మొదలైనప్పుడు ఇండియాలో నుండెను. జర్మను పాసుపోర్టు గలవాడగుటచేత శత్రుదేశీయుడుగా ఎంచబడి, నిజాము రాజ్యములోనే నిలిచిపోవలసి వచ్చెను. ఆయనకు కట్టడియైనది మన అడవిజనులకు మేలాయెను. చెంచులను, కొండరెడ్లను గూర్చి పరిశోధించిన తరువాత, ఆయనయు ఆయన భార్య బెట్టీయు మార్లవాయి అను గోండు గూడెము చేరి, అచ్చటివారి ఇండ్లవంటి ఇంటిలోనే కాపురముండిరి. గోండుల అలజడికి కారణములేమో ఆయన నిజాము ప్రభుత్వమునకు తెలియజెప్పెను. పిమ్మట గిరిజనుల విషయములో ప్రభుత్వమునకు సలహాదారుడయ్యెను. కాలక్రమమున సుమారు 1,60,000 ఎకరములకు గిరిజన రైతుల పేర పట్టాలు దొరికెను.

పట్టా కాగితము వచ్చినది, సరే. దానిని చదువువాడెవడు? బడులలో చదువు ఉర్దూ భాషలో నుండెను. అది గోండు బిడ్డకు ఇంట వినబడని భాష. పట్టణమున పెరిగిన పంతులును అడవిలో ఎన్ని దినములు నిలుచును? ఆ బిడ్డ బాధ వానికి తెలియదు, వాని మాట ఆ బిడ్డకు తెలియదు. అందుచేత గోండు బిడ్డలకు గోండువాడే పంతులు కావలెనను నిశ్చయముతో 1943లో మార్లవాయిలో పంతుళ్ళ శిక్షణకేంద్రము తెరచిరి. కొద్దిపాటి మరాఠీ అక్షరములు ఎరిగిన గోండు యువకులను కొందరిని వెదకి తెచ్చి, వారితోనే పని మొదలుపెట్టిరి. గోండి మాటను నాగరి లిపిలో వ్రాసి వాచకములు సిద్ధపరచిరి. గోండిలో అక్షరములు వచ్చిన తరువాతనే పిల్లలు ఇతర భాషలకు పోవలెను. పంతుళ్ళనే గాక, పట్వారీలుగా, జంగ్లాతు జవానులుగా, గుమాస్తాలుగా పనిచేయుటకు కూడ గోండు యువకులను అచ్చట తరిఫీదు చేసిరి.

ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపుడి. నిన్నటివరకు ఖాకీ చొక్కా అగుపడినంతనే గూడెము అడవిలోనికి పరుగెత్తినది. నేడు ఆ చొక్కా తొడిగినవాడు మేనమామ కొడుకు. బల్లయొద్ద నిలిచి పాఠము చెప్పువాడు, మొన్న తమతో ఎడ్లను కాచినవాడు. చదువు పరాయివారి సొత్తని తలంచిన పిల్లవాడు, మా ఇంటివానికి వచ్చినది నాకెందుకు రాదని పలక పట్టెను. దొర ఎంత మంచివాడైనను దొరయే; ఆయనను చూచి పిల్లవాడు మెచ్చుకొనును గాని, ఆయనవలె కావలెనని అనుకొనడు. హైమెండార్ఫ్ ఈ సంగతి ఎరిగి, తాను పక్కకు తొలగి ఆ యువకులను ముందు నిలిపెను. ఆయన చేసిన పనులన్నిటిలో నేను దీనినే గొప్పదిగా ఎంచుచున్నాను.

ఇట్టి సంగతి మనకు కొత్త కాదు. పౌలు డేరాలు కుట్టి తన కూడు తాను సంపాదించుకొనుట థెస్సలొనీకవారు కండ్లార చూచిరి. 1912లో దోర్నకల్లు బిషప్పయిన అజరయ్యగారును, ఊరిలో కాపురముండు పంతులుమీదను ఆయన భార్యమీదను ఎంత ఆనుకొనిరో మన పెద్దలు ఎరుగుదురు.

అయితే కథ అంతయు తీపి యని చెప్పిన అబద్ధమగును. కాలము మారినకొలది గోండి వాచకములు మూలబడి, చదువు తెలుగు, మరాఠీ భాషలకు మరలెను. 1970 తరువాత హైమెండార్ఫ్ తిరిగి వచ్చి చూచునప్పటికి పట్టా భూములు అనేకము మరల పరుల చేతులలో నుండెను. ఆ దుఃఖమును ఆయన 1982లో ప్రచురించిన గ్రంథమున దాచక వ్రాసెను. మంచి మాదిరి ఒక్కటే నేలను కాపాడలేదు. చట్టమును కావలెను, దానిని అమలుజరుపు అధికారియు కావలెను. అయినను ఈసారి అన్యాయము జరిగినప్పుడు, అర్జీ వ్రాయగల చేతులు గూడెములలోనే యుండెను.

మార్లవాయి ఇప్పుడు, 2016లో ఏర్పడిన కుమ్రం భీం ఆసిఫాబాదు జిల్లాలో, జైనూరు మండలమున నున్నది. బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించగా ఆమెను ఆ గూడెములోనే సమాధిచేసిరి. హైమెండార్ఫ్ 1995లో లండనులో మరణించెను. 2012లో ఆయన అస్థికలను తెచ్చి ఆమె పక్కనే ఉంచిరి. ఏటేట జనవరి 11న గోండులు ఆ రెండు సమాధులయొద్ద కూడుకొనుచున్నారు.