అసిల్ కోళ్లు: మూలపు జత ఎంపిక
అసిల్ ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా ప్రాంతాల దేశవాళీ కోడి. నిటారు నిలువు, పొడవాటి మెడ, తలకు అంటుకున్న చిన్న తురాయి, ఉందో లేదో అన్నట్టుండే గడ్డం కింది తోలు దీని గుర్తులు. కోడిపందేలు చట్టరీత్యా నేరం. అందం కోసం, జాతి నిలుపుకోవడం కోసం పెంచడమే దీనికి గౌరవం.

డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ మనవాళ్లు ఈకల రంగును బట్టి కోళ్లకు పేర్లు పెట్టారు. కొనేవాడి కన్ను ముందు రంగు మీదే పడుతుంది. చూడవలసింది ఎముక. రొమ్ము ఎముక వంకర లేకుండా, వేళ్లు తిన్నగా, కళ్లు తేటగా ఉండాలి. పుంజుకు ఎంత ధరైనా పెట్టి, పెట్టను దొరికినదానితో సరిపెట్టుకోవడం పెద్ద పొరపాటు: పిల్లకు సగం వారసత్వం తల్లిదే. అసిల్ పెట్ట గుడ్లు తక్కువ పెడుతుంది కానీ పొదుగుడులో గట్టిది. 21 రోజులు ఓపిగ్గా కూర్చునే తల్లి సంతానాన్నే ఎంచుకోవాలి. తోబుట్టువులను తరతరాలుగా జతకడితే గుడ్లు సరిగా పిగలవు, పిల్లలు బలహీనపడతాయి.

బత్తలపల్లె వంటి శ్రీ సత్యసాయి జిల్లా మెట్ట పల్లెల్లో ఎండకు తట్టుకోవడమే తొలి పరీక్ష. అక్కడి దొడ్లలోనే ఒకటి రెండు వేసవులు గడిపిన పక్షులు మేలు. కొత్తవాటిని మూడు నాలుగు వారాలు వేరుగా ఉంచి, కొక్కెర తెగులు టీకా వేయించాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అసిల్‌ను సంరక్షిస్తోంది.