ఎండకు మొరాయించే ఇంటెగ్రా

ఆగస్టు నెల, సాయంత్రం నాలుగవుతోంది. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోరు ముందు పార్కింగ్‌లో నిలబడ్డాం. ఎండ వంద ఫారెన్‌హీట్ దాటింది, తారు మీద చెప్పులు అంటుకుంటున్నాయి. తమ్ముడు కూరగాయల సంచీ వెనక సీట్లో పడేసి తాళం తిప్పాడు. ఇంజన్ గిరగిరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు.

బండి 1998 అక్యూరా ఇంటెగ్రా జీఎస్-ఆర్. రెండు తలుపులు, ముందు నాలుగు గుండ్రటి దీపాలు, 1.8 లీటర్ల ఇంజన్, 170 హార్స్‌పవర్.

"చూశావా అన్నా, పొద్దున బుద్ధిగానే వచ్చింది. షాపులో అడిగితే ఫ్యూయల్ పంపు పోయింది, మార్చేయాలన్నారు."

"తొందరపడకు. ఫ్యాను, పాటలు అన్నీ కట్టెయ్. ఇప్పుడు స్టార్టర్ దాకా వెళ్లకుండా తాళం ముందు మెట్టులోనే ఆపు."

మీరూ తల లోపలికి పెట్టి వినండి. చెక్ ఇంజన్ లైటు వెలిగి రెండు సెకన్లకు ఆరిపోతుంది. ఆ రెండు సెకన్లూ వెనక నుంచి, ట్యాంకులో ఉన్న పంపు సన్నగా జుయ్‌మనాలి. ఇప్పుడు ఏమీ వినపడటం లేదు.

పంపు దగ్గర చప్పుడు లేకపోతే పంపే పోయిందనుకోవడం తేలిక. కానీ ట్యాంకు నిండా పెట్రోలు ఉంది, పంపు అందులో మునిగి నీడలో ఉంది. ఎండకు నిజంగా కాలిపోతున్నది అద్దం వెనక డాష్‌బోర్డు. చెయ్యి పెట్టి చూడండి, ఆనించలేరు. రెండు తలుపులూ బార్లా తెరిచి, అద్దానికి అట్ట అడ్డం పెట్టి, స్టోరులో చల్లగా మజ్జిగ తాగి వచ్చాం. మళ్లీ తాళం తిప్పితే జుయ్‌మంది. ఇంజన్ ఒక్క దెబ్బకి అందుకుంది. ఇది డాష్‌బోర్డు కింద ఉండే మెయిన్ రిలే జబ్బు. ఆ కాలపు హోండాలు చాలావాటికి ఉన్నదే.

రాత్రి గరాజ్‌లో ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీశాం. ఇక డ్రైవర్ సీటు వెనక్కి తోసి వెల్లకిలా పడుకోవాలి. తల పెడల్స్ దగ్గర, కాళ్లు తలుపు బయట, నోట్లో టార్చి. నడుము కింద గడప ఇనుము ఒత్తుకుంటుంది, ఓర్చుకోండి. పది నంబరు స్పానరుతో ఒక్క బోల్టు విప్పి కనెక్టర్ లాగితే చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలోకి వస్తుంది. దాంట్లో రెండు రిలేలు ఉంటాయి: ఒకటి ఇంజన్ కంప్యూటర్‌కు, ఇంజెక్టర్లకు కరెంటు ఇస్తుంది, రెండోది పంపుకి.

సన్న స్క్రూడ్రైవర్‌తో మూత గొళ్లెం నొక్కి బోర్డు బయటికి లాగాం. మామూలుగా చూస్తే కొత్తదానిలా ఉంది. తమ్ముడు భూతద్దం పెట్టాడు. లావు పిన్నుల దగ్గర, టంకం కొండలా పైకి లేచిన చోట, పిన్ను చుట్టూ వెంట్రుకంత నల్ల గీత. నిండా గుండ్రంగా తిరిగి ఉంది.

"ఇంతేనా అన్నా?"

ఇంతే. ఇరవై ఏళ్లు పైబడి రోజూ వేడెక్కుతూ, చల్లారుతూ, అదురుతూ ఉన్న టంకం పిన్నును వదిలేసింది. చల్లగా ఉంటే రెండూ తాకుతాయి, బండి నడుస్తుంది. వేడెక్కితే ఎడమవుతాయి, పంపుకి కరెంటు ఆగిపోతుంది.

పాత టంకాన్ని రాగి అల్లికతో పీల్చేసి, ఫ్లక్స్ రాసి, సోల్డరింగ్ ఐరన్ మొనను పిన్నుకీ బోర్డు మీది రాగికీ కలిపి ఆనించాలి. రెండూ వేడెక్కాక టంకం తీగ తాకిస్తే దానంతటదే పారి, పిన్ను చుట్టూ మెరుస్తూ నిలబడుతుంది. గరాజంతా గుగ్గిలం వేసినట్టు వాసన. ఒక్క గీతే కనిపించినా అన్ని పిన్నులకూ పెట్టేయడం మంచిది. మిగతావాటి వయసూ అదే కదా. మళ్లీ బిగించాక హెయిర్ డ్రయ్యర్‌తో రిలేను బాగా వేడిచేసి తాళం తిప్పాం. పంపు పలికింది.

పనిలో పనిగా ఇరుసులు కూడా చూద్దామని మర్నాడు బండిని ముందువైపు లేపాం. జాకీని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టాకే. ముందు చక్రాలే లాగుతూ, ముందు చక్రాలే తిరిగే బండి ఇది; ఆ రెండు పనుల భారమూ ఇరుసు చివర ఉన్న సీవీ జాయింటు మోస్తుంది. దాన్ని కప్పి ఉంచే రబ్బరు బూటు చిరిగితే గ్రీజు చక్రం లోపలి అంచు మీద చారలా చిమ్ముతుంది, ఇసుక లోపలికి పోతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడిపితే టకటకమంటుందంటే జాయింటు అరిగిపోయినట్టే. ఇక్కడ బూటు చిరిగింది గానీ శబ్దం ఇంకా రాలేదు. సరైన సమయానికి చూశాం. బయటి జాయింటు విడిపోదు కాబట్టి, ఇరుసు తీసి లోపలివైపు జాయింటు విప్పి, కొత్త బూటును అటునుంచి జార్చుకు రావాలి. పాత గ్రీజంతా కడిగాక బంతులు అద్దంలా ఉన్నాయి, ఎక్కడా గుంట లేదు. కొత్త గ్రీజు, కొత్త బూటు, కొత్త క్లాంపులు.

వాల్వులు రాత్రంతా చల్లారిన ఇంజన్ మీదే చూడాలి: ఇన్‌టేక్‌కు 0.15 నుంచి 0.19 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.17 నుంచి 0.21. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే లెక్క; అది తెగితే పిస్టన్లు వాల్వులను కొడతాయి. వాటర్ పంపు ఆ బెల్టు మీదే తిరుగుతుంది, దాన్నీ అప్పుడే మార్చండి.

సాయంత్రం, అదే ఎండ. 114 హైవే ర్యాంపు ఎక్కుతున్నాం, రెండో గేరు. ముల్లు 4,400 దాటగానే వాల్వులను మరింత తెరిచే వీటెక్ అందుకుంది, గొంతు మారింది. 5,750 దగ్గర ఇన్‌టేక్‌లో రెండో దారి తెరుచుకుంది, సీటు వీపును నెట్టింది. తమ్ముడు మాట్లాడటం లేదు, నవ్వుతున్నాడు. ఎనిమిది వేల దాకా వెళ్లే ఇంజన్ ఇది. ఒక చిన్న డబ్బాలో టంకం ఊడిందని ఇలాంటి బండి అమ్ముకోవడం నాకు మనసొప్పని పని.

ఈ బండ్లకు కంపెనీ భాగాలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. చవక రకం కొత్త ఇరుసు కంటే బూటు మార్చిన అసలు ఇరుసే మేలు. చవక రిలే కంటే టంకం పెట్టిన అసలు రిలేనే మేలు. కొత్త ఇరుసు కొంటే పాతది తెచ్చిస్తే డిపాజిట్ తిరిగిస్తామని దుకాణంలో అంటారు. ఆ డాలర్లు వదులుకోండి, పాత ఇరుసును ఇంటికే తెచ్చుకోండి.