గాడులు తీసేసిన తుపాకీ

 పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్ రూములో ఆరుగురం ఉంటాం. పోయిన నెల ఒక రాత్రి కరెంటు పోతే అందరం ఒకే ఫోన్ చుట్టూ చేరి ఒక వీడియో చూశాం. అమెరికాలో ఒక పెద్దాయన పాత మిలిటరీ రైఫిల్ కొనుక్కొచ్చి ఇంటి షెడ్డులో పెట్టుకుని దాని చెక్క కోస్తున్నాడు. గొట్టం పొట్టి చేసి, పైన దుర్భిణి బిగించాడు. ఆదివారం పూట అట్టల మీద గురి చూసి కాల్చుకోడానికంట. సరదాకి.

మాలో ఎన్.సి.సి.లో ఉన్నోడు ఒక చోట ఆపమన్నాడు. తుపాకీ ఇనుము మీద ఆర్.ఎఫ్.ఐ. అని ముద్ర ఉంది, దానితో పాటు మన సింహాల గుర్తు ఉంది. ఆర్.ఎఫ్.ఐ. అంటే రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. పశ్చిమ బెంగాల్. మన దేశంలో చేసిన తుపాకీ అక్కడ ఆయన చేతిలో ఆటవస్తువైంది. ఇక్కడ మన ఊళ్ళో తుపాకీ మాట ఎత్తితే తాతలు గొంతు తగ్గించేస్తారు. ఎందుకిలా అని ఆ రాత్రి మొదలైన మాట, తర్వాత లైబ్రరీ దాకా తీసుకెళ్ళింది. తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ముందు ఆ తుపాకీ సంగతి. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. 1895 నుంచి బ్రిటిష్ సైన్యం వాడింది. మనకి బాగా తెలిసిన పొట్టి రకం 1907లో వచ్చింది. బరువు సుమారు 4 కిలోలు, పెట్టెలో 10 తూటాలు. తూటా సైజుని బట్టి మనోళ్ళు దాన్ని త్రీ నాట్ త్రీ అన్నారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో అదే తుపాకీ. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో జనం మీద పేల్చిన 1650 తూటాలు కూడా త్రీ నాట్ త్రీవే. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్ ఫ్యాక్టరీ అదే నమూనాని 7.62 మిల్లీమీటర్ల తూటాకి సరిపోయేలా మార్చి కొత్తగా చేసింది. మేం చూసింది ఆ రకం. మన దగ్గర కాలం చెల్లాక వాటిలో చాలా అమెరికా వ్యాపారుల చేతికి పోయాయి.

యుద్ధం అయిపోతే లక్షల తుపాకులు మిగిలిపోతాయి. పడెయ్యలేక చౌకగా అమ్ముతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో అదే జరిగింది. బ్రిటన్, జర్మనీ, ఇటలీ సైన్యాల తుపాకులు పీపాల్లో నిలబెట్టి అమ్మారు. కొత్త వేట తుపాకీ కొనలేని రైతు, కూలి మనిషి పాతది కొనుక్కుని సొంతంగా మార్చుకునేవాడు. ముందుభాగం చెక్క కోసేస్తే బరువు తగ్గుతుంది. బాయ్‌నెట్ తగిలించే ముక్క తీసేస్తారు. గురి చూసే పలకలు మారుస్తారు. అలా మార్చిన తుపాకీని అక్కడ స్పోర్టర్ అంటారు. ఇప్పుడు తమాషా ఏంటంటే, ముట్టుకోకుండా వదిలేసిన పాతవాటికే ధర ఎక్కువ. ఆరోజు చెక్క కోసినోళ్ళ పిల్లలు ఇప్పుడు పాత చెక్క కోసం వెతుకుతున్నారు.

ఎంత సులువుగా దొరికేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 1963లో ప్రెసిడెంట్ కెనెడీని చంపిన తుపాకీ ఇటలీ సైన్యం వాడి వదిలేసిన కార్కానో. దుర్భిణితో సహా 19 డాలర్ల 95 సెంట్లు. పోస్టులో వచ్చింది. కొన్నవాడు పెట్టింది కూడా తన అసలు పేరు కాదు. ఆ తర్వాత 1968లో చట్టం చేసి పోస్టులో అమ్మకాలు, విదేశీ సైన్యాల పాత తుపాకుల దిగుమతి ఆపారు. దిగుమతి విషయంలో 1980ల్లో మళ్ళీ కొంత సడలించారు.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇక్కడ కూడా తుపాకులు మార్చారు. మార్చింది కొనుక్కున్నోడు కాదు, సర్కారు.

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. తూటా వాటిలో గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది కాబట్టి దూరం పోతుంది, గురి తప్పదు. గాడులు లేని నున్నటి గొట్టమైతే తూటా కొంచెం దూరం పోయాక అటూ ఇటూ అయిపోతుంది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఏం చేశారో తెలుసా? దేశీ సిపాయిలకి ఇచ్చే ఎన్‌ఫీల్డ్ తుపాకుల్లో గాడులు లేకుండా చేశారు. పైకి అదే తుపాకీ. లోపల నున్నన. తెల్ల సిపాయికి గాడుల తుపాకీ, నల్ల సిపాయికి నున్నటి తుపాకీ. ఇద్దరూ ఒకే రాణికి జీతగాళ్ళే.

తర్వాత 1878లో ఆయుధాల చట్టం వచ్చింది. మనవాళ్ళకి లైసెన్స్ కావాలి, యూరోపియన్లకి మినహాయింపు. కొడగు జనానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అది ఈరోజుకీ నడుస్తోంది. అంటే అడవిలో, కొండమీద ఉన్నంత మాత్రాన తుపాకీ వద్దనలేదు. ఎవర్ని నమ్మారో వాళ్ళకి ఇచ్చారు.

ఇషాపూర్‌లో ఇంకో పని కూడా చేశారు. త్రీ నాట్ త్రీ తుపాకుల గొట్టాలని నున్నగా చేసి, ఒక్కసారికి ఒక్క తూటానే పట్టేలా మార్చి, పోలీసులకీ జైలు కాపలావాళ్ళకీ ఇచ్చారు. దాన్ని 410 మస్కెట్ అంటారు. మామూలు త్రీ నాట్ త్రీ తూటా దానికి పనికిరాదు. ఎవరైనా లాక్కుపోయినా దాని తూటా దొరకదు.

లాక్కుపోవడం అంటే మనకి గుర్తొచ్చేది మన్యమే కదా. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వాళ్ళ వెంట మనవాళ్ళు. మూడు రోజుల్లో 26 తుపాకులు, 2500 తూటాలు. అడవి చట్టం పోడు ఆపేసి, రోడ్డు పనికి కూలి సరిగ్గా ఇవ్వకుండా పిండేస్తే జరిగిన పని అది. అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసుల్ని, అస్సాం రైఫిల్స్‌ని దింపాల్సొచ్చింది. ఒక దేశంలో తుపాకీ పీపాలో నిలబెట్టి అమ్ముడుపోయింది. మన కొండల్లో 26 తుపాకుల లెక్క చరిత్ర పుస్తకానికెక్కింది.

అమెరికాలో అందరికీ స్వేచ్ఛ ఉందనుకోకండి. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ అనే చోట సైనికులు లకోటా ఆదివాసుల దగ్గర తుపాకులు లాక్కోడానికి వచ్చారు. లాక్కునే గొడవలో కాల్పులు మొదలై ఆడవాళ్ళు, పిల్లలతో సహా 250 మందికి పైగా చనిపోయారు. తుపాకీ సరదా అక్కడా ఆదివాసీ వాటాకి రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త ఆయుధాల చట్టం చేశారు. త్రీ నాట్ త్రీ సామాన్యుడికి నిషేధమే. అందుకే ఇషాపూర్‌లో లీ ఎన్‌ఫీల్డ్ పనితనంతోనే 315 సైజు తూటాకి సివిల్ రైఫిల్ చేసి, లైసెన్స్ ఉన్నవాళ్ళకి అమ్ముతున్నారు. ఆ చట్టంలోనే 13వ సెక్షన్ ఉంది. ఆత్మరక్షణకీ క్రీడకీ నున్నటి గొట్టం తుపాకీ, పంట కాపాడుకోడానికి మందు కూరి పేల్చే తుపాకీ, వీటికి లైసెన్స్ ఇచ్చే సంగతి అందులో రాసుంది.

ఆ సెక్షన్ చదివిన రోజు మాలో ఒకడు చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ళ తాత దగ్గర నాటు తుపాకీ ఉండేదంట. చోడి చేలో, సామ చేలో పందులు పడితే ఉత్త మందు పేల్చి బెదరగొట్టేవాడు. ఒక ఏడాది తుపాకులన్నీ అప్పజెప్పమని కబురొచ్చింది. పాత పంచెలో చుట్టుకుని, పొద్దున్నే నడిచెళ్ళి ఇచ్చేశాడు. రసీదు ఇవ్వలేదు. పంట కోసం లైసెన్స్ అడగొచ్చని చెప్పినవాడూ లేడు. ఆ తర్వాత పందులు తినగా మిగిలిందే పంట. ఆ తాత ఇప్పుడు లేడు.

తుపాకులు కావాలని ఈ పోస్టు రాయలేదు. లైసెన్స్ లేకుండా నాటు తుపాకీ ఇంట్లో ఉంటే జైలే. 1972 వన్యప్రాణి చట్టం కింద వేట కూడా నేరమే. తమ్ముళ్ళూ, వీడియోలు చూసి ఎవరూ ఏ ప్రయోగాలూ చెయ్యొద్దు. మేం చెప్పేది ఒక్కటే. తుపాకీని ఎలా మార్చారో చూస్తే, ఎవరు ఎవర్ని నమ్మారో తెలుస్తుంది. అమెరికా పెద్దాయన చెక్క కోసుకున్నాడు, గాడులు అలాగే ఉన్నాయి. మన దగ్గర చెక్క ఉంచి గాడులు తీసేశారు. చదువులోనూ ఉద్యోగాల్లోనూ మనకి పైకి అన్నీ ఇచ్చినట్టు కనబడి, లోపల గాడులు లేని వస్తువు చేతిలో పెడుతున్నారేమో చూసుకోవాలి. చట్టం చేసి, అందులో ఏముందో చెప్పకపోవడం అలాంటిదే.

ఎన్.సి.సి. డ్రిల్లుకి ఇచ్చే పాత తుపాకీకి గొట్టంలో చిల్లు పొడిచి పేలకుండా చేస్తారు. అది భుజాన పెట్టుకుని ఎండలో నడిచినోళ్ళం మేము. పోయిన క్యాంపులో పాయింట్ 22 రైఫిల్ ఇచ్చారు. దానికి గాడులు ఉన్నాయి. 25 గజాల దూరం, ఐదు తూటాలు. మా పక్క హాస్టల్ చెల్లి ఐదూ అరచేతి వెడల్పులో కొట్టింది.

మీ ఇళ్ళల్లో తాతలు, మామ్మలు ఉంటే అడగండి. మన ఊళ్ళో ఎవరి దగ్గర తుపాకీ ఉండేది, ఎప్పుడు పట్టుకెళ్ళారు, కాగితం ఇచ్చారా లేదా. రాసి ఇక్కడ పెట్టండి. పేర్లు వద్దు, ఊరు, కాలం చాలు. ఆ రసీదు మనమే రాసుకుందాం.

జోహార్ మన్యం వీరులకి.