తమ్ముడి పేరు ముందు

ఈమధ్య క్లాసులో బ్రాంటీ అక్కచెల్లెళ్ల గురించి చెప్తుంటే ఒకమ్మాయి అడిగింది: "పాపం, ఆ బ్రాన్‌వెల్ అంత తాగుబోతు ఎందుకయ్యాడు మేడమ్?" క్లాసంతా అతని మీదే జాలిపడింది. ఆ తమ్ముణ్ణి భరిస్తూ షార్లెట్ 'జేన్ ఐర్' ఎలా రాసిందని ఎవరూ అడగలేదు. తార్నాక మీదుగా హబ్సిగూడకి నడిచొస్తూ ఆ సంగతే ఆలోచించాను.

షార్లెట్ 1816లో, బ్రాన్‌వెల్ 1817లో పుట్టారు. 1826లో తండ్రి తెచ్చిన బొమ్మ సైనికులతో ఆడుకుంటూ ఇద్దరూ ఊహా రాజ్యాలు కట్టారు, కథలల్లారు. కానీ ఇంటి ఆశలన్నీ మగపిల్లవాడి మీదే. షార్లెట్ తన కవితలు పంపితే, సాహిత్యం ఆడవాళ్ల పని కాదని 1837లో ఆస్థానకవి సౌదీ జవాబు రాశాడు. బ్రాన్‌వెల్‌కి అలా చెప్పినవాళ్లు లేరు. అతను చిత్రకారుడు కాలేకపోయాడు. 1842లో రైల్వే ఉద్యోగం, 1845లో ట్యూటర్ పని పోయాయి. ఆ తర్వాత మద్యం, నల్లమందు, అప్పులు. షార్లెట్ ఉత్తరాల్లో అతని మీద కోపం, విసుగు దాగవు.

అయినా 1846లో కవితలు, 1847లో నవలలు మారుపేర్లతో అచ్చయిన సంగతి అక్కచెల్లెళ్లు అతనికి చెప్పలేదు. చెబితే అతను మరీ కుమిలిపోతాడని భయపడ్డామని, తాము ఒక్క అక్షరం అచ్చువేయించినట్టు కూడా తెలియకుండానే అతను 1848 సెప్టెంబరులో పోయాడని షార్లెట్ తర్వాత రాసింది. గెలుపుని కూడా దాచుకోవలసి రావడం మన ఇళ్లల్లో ఆడవాళ్లకి కొత్త కాదు. ఇంత దాచినా, 'వూథరింగ్ హైట్స్' రాసింది ఎమిలీ కాదు, బ్రాన్‌వెలేనని అతని స్నేహితులు వాదించారు.

మన భండారు అచ్చమాంబ (1874-1905) తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఇందుకు పూర్తిగా భిన్నం. పండితుడు, అక్క రచనలకి అండ. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో ఒకరు. ఆ ఏడాదే అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వచ్చింది. తమ్ముడి వల్లే ఆమె చదువుకుందని అందరూ చెప్తారు. నాగపూరులో తమ్ముడు చదువుకున్నది ఆ అక్క ఇంట్లో ఉండే కదా! ఆ మాట ఎందరు చెప్తారు?

ఇద్దరు తమ్ముళ్లనీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. చెడ్డ తమ్ముడైతే జాలి, మంచి తమ్ముడైతే కృతజ్ఞత. ఏదైనా ముందు అతని పేరే వస్తోంది. వచ్చేవారం ఆ అమ్మాయి ప్రశ్న పక్కన నా ప్రశ్న కూడా బోర్డు మీద రాస్తాను: ఆ అక్క ఎప్పుడు రాసుకుంది?